ముప్ఫై మూడు విగ్రహాలూ మా జేజీ

చాలా ఏళ్ళ కిందటి మాట. కంటి ఆపరేషన్ కోసం మా జేజిని కమలాపురం నుంచి హైదరాబాదు తీసుకుపోయాం. కట్టు విప్పినాక, ఊరికి బయలుదేరే ముందురోజు సాయంత్రం టాంక్‌బండ్ మీదికి నడిపించుకుపోయాం. కొత్తగా చూపు వచ్చిన సంబరంలో ఆమె ప్రతి విగ్రహం ముందరా నిలబడింది. చదువు రాదు కాబట్టి పేర్లు మమ్మల్ని చదవమనేది. "ఈయప్ప ఎవురు? ఈయప్ప ఎవురు?" అని అడుగుతా పోయింది. అన్నమయ్య అంటే "మన తాళ్లపాకాయప్పే గదా" అంది. వీరబ్రహ్మం గారి ముందర చేతులు మొక్కి, "మరి సిద్దయ్య యాడ?" అంది. మొల్ల దగ్గరికి వచ్చేసరికి "ఆడమనిషి!" అని నవ్వింది. కట్ట అయిపోయింది. పొద్దు గూకింది. ఆమె వెనక్కి తిరిగి ఆ వరసంతా ఒకసారి చూసి అడిగింది: "ఇంతమందిలో మన ఆడోళ్ళు ఒక్కరూ లేరేమ్మే?"

నాకు జవాబు తోచలేదు. ఆ ప్రశ్నలోని 'మన' అనే మాట ఎంతవరకు పోతుందో కూడా అప్పుడు అర్థం కాలేదు. మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో తెలుగే. జేజికి ఉర్దూలో నాలుగు ముక్కలు వస్తే అవి దువాలో వచ్చేవే. కాబట్టి మొల్ల కూడా ఆమెకు 'మన' మనిషే. అయినా ఆమె వెతికింది ఇంకెవరినో. ఈ వ్యాసం ఆ వెతుకులాట గురించే. చరిత్రలోని స్త్రీలను తలుచుకునేలా ఒక నగరం తన నడిబొడ్డున కూడలి కట్టుకోవాలంటే ఎట్లా కట్టుకోవాలి? అందులో ఎవరు నిలబడాలి? ఎవరు కూర్చోవాలి? ఇది శిల్పులూ ఇంజనీర్లూ తేల్చుకుని వెళ్ళిపోయే సంగతి కాదు. రాయిని ఎవరి రూపంలో నిలబెట్టాలన్న ప్రశ్న వెనక, ఊరు ఎవరిదన్న ప్రశ్న ఉంది.

ముందు లెక్క చూద్దాం. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1980ల నడుమ టాంక్‌బండ్ మీద నిలబెట్టిన విగ్రహాలు 33. తెలుగు జాతి వెలుగులు అనిపించుకున్న మనుషులు వీళ్ళు. అందులో స్త్రీలు ఇద్దరు: రుద్రమదేవి, మొల్ల. ముస్లింలు ముగ్గురు: తానీషా, మీర్ మహబూబ్ అలీ ఖాన్, మఖ్దూం మొహియుద్దీన్. ఈ రెండు లెక్కలు విడివిడిగా చూస్తే ఎవరైనా అనొచ్చు, 'స్త్రీలకూ చోటిచ్చాం, ముస్లింలకూ చోటిచ్చాం కదా' అని. రెండింటినీ పక్కపక్కన పెడితేనే ఖాళీ కనిపిస్తుంది. స్త్రీల వరసలో ముస్లిం లేదు. ముస్లింల వరసలో స్త్రీ లేదు. మమ్మల్ని ఎవరూ తీసెయ్యలేదు. అసలు మా కోసం ఏ గడీ గీయలేదు. ప్రధాన స్రవంతి మమ్మల్ని మరిచిపోయే పద్ధతి ఎప్పుడూ ఇదే. ద్వేషంతో తుడిచెయ్యడం అరుదు. ఎక్కువసార్లు మేం గుర్తుకే రాం.

ఉన్న ఇద్దరినీ తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. రుద్రమ రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో ఏలాల్సి వచ్చిన మనిషి. సింహాసనం ఎక్కడానికి పేరు మార్చుకోవాల్సి రావడం ఎంత బరువో ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. మొల్ల మా జిల్లా మనిషి. బద్వేలు దగ్గరి గోపవరం ఆమెను మా ఊరిదని చెప్పుకుంటుంది. కుమ్మరి ఇంట పుట్టి, తేటతెలుగులో రామాయణం రాసింది. శూద్ర స్త్రీ కవిత్వాన్ని పండితులు ఎట్లా చూసి ఉంటారో ఊహించడం కష్టం కాదు. మొల్ల నాకు పరాయిది కాదు. సుభద్రా కళ్యాణం రాసిన తిమ్మక్క, అన్నమయ్య భార్య, ఆ కట్ట మీదికి రాలేదన్నదీ నాకు బాధే. భర్త ఉన్నాడు, భార్య లేదు. బ్రహ్మంగారు ఉన్నారు, దూదేకుల సిద్దయ్య లేడు. గురువుకీ శిష్యుడికీ, మగడికీ ఆలికీ మధ్య గీత ఎక్కడ పడిందో చూడండి. ఎవరు మిగిలారో, ఎవరు జారిపోయారో ఆ గీతే చెబుతుంది.

ఇప్పుడు హైదరాబాదునే కాస్త తవ్వి చూద్దాం. సిటీ బస్సెక్కితే కండక్టరు పిలిచే పేర్లు వినండి. ఖైరతాబాద్. మాసాబ్‌ట్యాంక్. హయత్‌నగర్. ఇవన్నీ ఆడవాళ్ళ పేర్లని ఆ బస్సులో ఎంతమందికి తెలుసు? ఖైరతాబాద్ కుతుబ్‌షాహీ ఇంటి ఆడపడుచు ఖైరున్నీసా బేగం పేరు. ఆమె కట్టించిన మసీదు ఇప్పటికీ అక్కడే ఉంది. హయత్‌నగర్ హయాత్ బక్షీ బేగం పేరు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, మహమ్మద్ కుతుబ్‌షా భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. కొడుకు చిన్నవాడుగా గద్దెనెక్కితే రాజ్యం నడవడంలో ఆమె మాటకు ఎంత బరువుందో చరిత్ర చెబుతుంది. 1667లో చనిపోయింది. గోల్కొండ దగ్గర రాజుల సమాధుల మధ్య ఆమెకూ ఒక గుంబజ్ ఉంది. 'మా సాహెబా' అని జనం పిలుచుకున్న రాణీ తల్లి చెరువే మాసాబ్‌ట్యాంక్ అయింది. చెరువు పూడిపోయింది. మా సాహెబా 'మాసాబ్' అయి, ఆడపేరన్న ఆనవాలు కూడా పోయి, బస్టాపుగా మిగిలింది.

అంటే నగరం మా ఆడవాళ్ళను మరిచిపోలేదు. రోజుకు లక్షసార్లు వాళ్ళ పేర్లు పలుకుతూనే ఉంది. పలుకుతున్నది ఎవరినో దానికి తెలియదు, అంతే. పేరు మిగిలి మనిషి పోవడం ఒకరకం మరణం. మనిషి మిగిలి పేరు పోవడం ఇంకోరకం. మా వాళ్ళకు రెండూ జరిగాయి.

ఇందులోనే నాకొక సంగతి తోచింది. ఈ బేగంలు తమ గుర్తుగా తమ రూపం ఎక్కడా నిలపలేదు. హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం పేరున నిలిచింది ఏమిటి? ఒక మసీదు, దాని చుట్టూ బాటసారులు దిగడానికి గదులతో సరాయి, దాపున ఏనుగులు తిరగగలంత పెద్ద బావి. నడిచి నడిచి వచ్చినవాడికి నీడ, నీళ్ళు, రాత్రికి తల దాచుకునే చోటు. అదీ ఆమె స్మారకం. మౌలాలీ గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా తన తల్లి కోసం సమాధీ తోటా కట్టించింది. చివరికి తానూ అక్కడే పడుకుంది. మనుషులు వచ్చి కూర్చుని పోవడానికి పనికొచ్చేదే వాళ్ళకు జ్ఞాపకం. మెడ ఎత్తి చూసేది కాదు. కూడలి రూపం గురించి ఆలోచించేవాళ్ళు మొదట నేర్చుకోవలసింది ఇక్కడ ఉందని నా నమ్మకం.

మహ్‌లఖా బాయి పేరు ఎత్తగానే కొందరి నుదురు ముడిపడుతుంది. 1768లో పుట్టి 1824లో చనిపోయిన ఈ కవయిత్రి ఉర్దూ గజళ్ళతో దీవాన్ కూర్చిన తొలితరం స్త్రీలలో ఒకరు. నిజాం దర్బారులో గౌరవం, జాగీర్లు సంపాదించుకున్న మనిషి. అయితే ఆమె తవాయఫ్. 'అటువంటి ఆమెను కూడలిలో తలుచుకుంటామా?' అని మా పెద్దలు అంటారు. ముద్దుపళని గురించి మీ పెద్దలు అన్నదీ ఇదే. నగరం స్త్రీని గౌరవించాలంటే ముందు ఆమె ఎవరి భార్యో, ఎవరి తల్లో రుజువు చూపించాలి. మగవాళ్ళకు ఈ పరీక్ష లేదు. విగ్రహమైన రాజుల అంతఃపురాల లెక్క ఎవరూ అడగరు. మహ్‌లఖా సమాధి పాడుపడి ఉంటే 2010 తర్వాత అమెరికా ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో బాగుచేశారు. మన కవయిత్రి గోరీకి సున్నం వెయ్యడానికి సముద్రాల అవతలి నుంచి సాయం రావలసి వచ్చింది.

ఇంకొక పేరు. టాంక్‌బండ్ విగ్రహాలు లేచిన ఆ రోజుల్లోనే, 1986లో, స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న చరిత్ర అది. అందులో జమాలున్నీసా బాజీ ఉంది. మఖ్దూం తిరిగిన ఉద్యమంలోనే తిరిగిన మనిషి. మఖ్దూం కంచు విగ్రహమై కట్ట మీద నిలబడ్డాడు, నిలబడాల్సినవాడే. జమాలున్నీసా బాజీ పుస్తకంలో ఒక అధ్యాయమై ఆగిపోయింది. ప్రభుత్వం ఒక చరిత్రను రాతిమీద రాస్తూ ఉంటే, అదే ఊళ్ళో స్త్రీలు ఇంకో చరిత్రను టేపురికార్డరులో పట్టుకుంటూ ఉన్నారు. రెండూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు.

'స్త్రీల విగ్రహాలు లేవంటారేమిటి, తెలుగుతల్లి లేదా, తెలంగాణ తల్లి లేదా?' అనేవాళ్ళున్నారు. నిజమే. తెలంగాణ తల్లి రూపం 2024 డిసెంబరులో మార్చినప్పుడు ఎంత గొడవ జరిగిందో చూశాం. కిరీటం ఉండాలా, చేతిలో ఏముండాలి, ఏ రంగు చీర అని. ఆ తల్లులు చరిత్రలో బతికిన స్త్రీలు కారు. ఊహలు. ఊహకు ఆకలి ఉండదు, కోపం ఉండదు, ఆస్తిలో వాటా అడగదు. అందుకే విగ్రహంగా నిలబెట్టడం సులువు. పైగా తెలుగుతల్లి రూపం మొదటినుంచీ ముత్తైదువ రూపం. తెలుగులోనే కలలు కనే మా జేజి ఆ తల్లి మొహంలో తన మొహం ఎట్లా చూసుకుంటుంది?

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. న్యూయార్కు సెంట్రల్ పార్కులో 2020 దాకా నిజంగా బతికిన స్త్రీ విగ్రహం ఒక్కటీ లేదు. కథలోని ఆలిస్ ఉంది, దేవకన్యలున్నారు. చివరికి ఓటుహక్కు కోసం పోరాడిన సుసాన్ ఆంథోనీ, ఎలిజబెత్ స్టాంటన్ ఇద్దరినీ నిలపాలనుకున్నారు. ఇద్దరూ తెల్లవాళ్ళే. అదేం న్యాయమని నల్లవాళ్ళు అడిగితే, బానిసగా పుట్టి ఆ సంకెళ్ళు తెంచుకుని వచ్చిన సోజర్నర్ ట్రూత్‌ను చేర్చారు. లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో మొదటి స్త్రీ విగ్రహం 2018లో వచ్చింది. 'స్త్రీలు' అని ఒక్కమాటగా అన్నప్పుడు ముందు గుర్తొచ్చేది పైమెట్టు మీది స్త్రీలే. కింది మెట్టు మీది వాళ్ళు అడిగితేనే చోటు. మన స్త్రీవాదులు ఈ మాటకు నొచ్చుకోనక్కరలేదు. దళిత స్త్రీలు 1990లలోనే వాళ్ళను ఇదే అడిగారు. మేం వాళ్ళ వెనకనే నిలబడి అడుగుతున్నాం.

మా జిల్లాలో జ్ఞాపకంగా నిలిచిన ముస్లిం స్త్రీ అసలు లేదా? ఉంది. బీబీ నాంచారి. వెంకటేశ్వరస్వామిని వలచి వచ్చిన తురక ఆడపిల్ల అని కథ. ఉగాది రోజున దేవుని కడప గుడికి ముస్లింలు పోయి టెంకాయ కొట్టడం, అల్లుడి ఇంటికి పోయినట్టు కానుకలు పట్టుకుపోవడం దేశమంతా విడ్డూరంగా చెప్పుకుంటుంది. మా జేజి కూడా పోయేది. నాకు ఆ ఆచారం అంటే ప్రేమ. మసీదులూ గుడులూ గొడవ పడుతున్న కాలంలో ఆ టెంకాయ ముక్క ఎంత విలువైనదో నాకు తెలుసు. అయినా విమర్శకురాలిగా ఒక మాట అనకుండా ఉండలేను. నాంచారి జ్ఞాపకం ఎందుకు నిలిచింది? ఆమె తన ఇల్లు విడిచి ఇటు వచ్చింది కాబట్టి. పెద్దసంఖ్య వాళ్ళ దేవుడి పాదాల దగ్గర చోటు అడిగింది కాబట్టి. తన ఇంట్లోనే ఉండి, తన నమాజు తాను చేసుకుంటూ, పొలంలో దూదిలో పనిచేసి చనిపోయిన ముస్లిం స్త్రీకి అటువంటి చోటు ఏ కథా ఇవ్వలేదు. మమ్మల్ని మీ కోడలిగా గుర్తుపెట్టుకున్నారు, సంతోషం. పక్కింటి ఆడమనిషిగా ఎప్పుడు గుర్తుపెట్టుకుంటారు?

ఇంతవరకూ మీతో మాట్లాడాను. ఇక మావాళ్ళతో.

కూడలి మాట ఎత్తగానే మా పెద్దలు అంటారు: 'బొమ్మలు మనకు హరాం. బుత్ నిలబెట్టమని అడగడం ఏం ఇస్లాం?' మంచిది. బొమ్మ హరామే అనుకుందాం. మరి మరుపు హలాలా? విగ్రహం వద్దంటే ఇంకో గుర్తు చెప్పండి. మా పెళ్ళిపత్రికలు తీసి చూడండి. వరుడి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చాలావాటిలో వధువు 'ఫలానా సాహెబ్ గారి కుమార్తె' మాత్రమే. తన నికాకే పేరు లేని పిల్లకు చరిత్రలో పేరు ఎక్కడినుంచి వస్తుంది? ఖబరస్తాన్‌కు ఆడవాళ్ళు రాకూడదంటారు. ఊళ్ళో మసీదుల్లో చాలావాటిలో మాకు జాగా లేదు. ముంబయి హాజీ అలీ దర్గాలో గోరీ దగ్గరికి ఆడవాళ్ళను రానివ్వకుండా ఆపితే, 2016లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది రానివ్వమని. పత్రికల్లో ముస్లిం స్త్రీ కనిపించేది రెండే సందర్భాల్లో: తలాక్, బుర్ఖా. 1985లో షాబానో నుంచి 2022లో కర్ణాటక హిజాబ్ దాకా ఇదే తంతు. బయటివాళ్ళు మమ్మల్ని కాపాడతామంటూ మాట్లాడతారు, లోపలివాళ్ళు దాచుకుంటామంటూ మాట్లాడతారు. ఇద్దరూ మగవాళ్ళే. మేం కూర్చుని మాట్లాడుకునే అరుగు మాత్రం ఎవరూ కట్టలేదు.

ఆ అరుగు ఎక్కడైనా ఉందంటే అది దర్గా. మా కమలాపురంలో గఫార్ షా ఖాద్రి దర్గా ఉంది. ఉరుసుకు చుట్టుపక్కల పల్లెలన్నీ దిగుతాయి. రాయలసీమ దర్గా ఆవరణలో ఆడమనిషి ఎంతసేపు కూర్చున్నా 'ఇక్కడ నీకేం పని?' అని ఎవరూ అడగరు. సాంబ్రాణి పొగ, చెట్టు నీడ, పిల్లాడికి పాలిచ్చే తల్లి, కష్టం చెప్పుకుని ఏడ్చే ముసలామె, ఆ పక్కనే బొట్టు పెట్టుకున్న రెడ్ల ఆడపడుచు. బజారులో ఆడమనిషి నడవొచ్చు, కొనొచ్చు, ఇంటికి పోవొచ్చు. ఊరికే కూర్చోవడానికి ఆమెకు హక్కు లేదు. దర్గాలో ఉంది. నా దృష్టిలో మా ఊళ్ళ నిజమైన స్త్రీల కూడలి అదే. ఏ ఆర్కిటెక్టూ దాన్ని గీయలేదు.

రెండోది పీర్లచావిడి. మొహర్రంలో హసన్, హుస్సేన్ పీర్లతోపాటు బీబీ ఫాతిమా పేరిట పీరు లేస్తుంది. హైదరాబాదులో బీబీ కా అలావా నుంచి ఆషూరా నాడు ఏనుగు మీద ఊరేగే ఆలం బీబీ ఫాతిమాదే. దాన్ని మొదట నిలిపింది హయాత్ బక్షీ బేగం అని సంప్రదాయం. ఆలోచించండి. ఒక స్త్రీ పేరున, ఇంకో స్త్రీ నిలిపిన గుర్తు, మూడు శతాబ్దాలు దాటినా నగరం నడివీధిలో నడుస్తూనే ఉంది. అందులో మొహం లేదు, ఒళ్ళు లేదు. ఒక లోహపు ఆకారం, కొంత గుడ్డ, చాలా కన్నీళ్ళు. విగ్రహం లేకుండా స్త్రీని తలుచుకోవడం ఎట్లాగో మాకు ముందునుంచీ తెలుసు. దాన్ని బిద్అత్ అని కొత్తగా చదువుకుని వచ్చిన మావాళ్ళే కొట్టేస్తున్నారు. అటు మీరు మరిచిపోవడం, ఇటు మేం చెరిపేసుకోవడం.

విగ్రహం మీద నాకు మోజు తగ్గడానికి ఇంకో కారణం ఉంది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజున టాంక్‌బండ్ మీది విగ్రహాలు చాలా కూలాయి. తర్వాత మళ్ళీ నిలబెట్టారు. ఆ కోపంలోని న్యాయం ఎంత, అన్యాయం ఎంత అన్నది వేరే చర్చ. ఆ రోజు తేలింది ఒక్కటి: విగ్రహం జ్ఞాపకం మాత్రమే కాదు, పట్టా కూడా. ఈ జాగా మాది అని రాసుకున్న రాతిపట్టా. మా జిల్లాలో ఏ కూడలి చూసినా నాయకుల విగ్రహాలే. కొత్త పార్టీ వస్తే కొత్త విగ్రహం, గొడవొస్తే గుడ్డ ముసుగు, పోలీసు కాపలా. ఆ పట్టాల పోటీలోకి మా ఆడవాళ్ళను కూడా ఈడ్వమంటారా? రేపు ఎవరో వచ్చి మొహం పగలగొట్టడానికా?

అర్జెంటీనాలో బ్యూనోస్ ఎయిరెస్ నడిబొడ్డున ప్లాజా ద మాయో అనే కూడలి ఉంది. సైనిక పాలకులు మాయం చేసిన తమ బిడ్డల కోసం 1977 ఏప్రిల్‌లో కొందరు తల్లులు అక్కడ చేరారు. నిలబడితే నేరమన్నారు కాబట్టి నడిచారు. వారం వారం నడిచారు. గుర్తుకోసం తలకు తెల్లగుడ్డ కట్టుకున్నారు. ఇవాళ ఆ కూడలిలో వాళ్ళ గుర్తు ఏమిటంటే, వాళ్ళు నడిచిన బాటన నేలమీద వేసిన తెల్లటి తలగుడ్డల బొమ్మలు. మొహం లేదు. తలగుడ్డ చాలు. తలగుడ్డ ఉన్నందుకు బడి వాకిట్లో ఆడపిల్లల్ని ఆపిన దేశంలో ఉండి ఆ సంగతి చదివితే గుండె కలుక్కుమంటుంది. ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో 2019 డిసెంబరు నుంచి 2020 మార్చి దాకా చలిలో రోడ్డుమీద కూర్చున్న దాదీలు గుర్తొస్తారు. వాళ్ళు కూర్చున్న చోట ఇప్పుడు బండ్లు పోతున్నాయి.

అయితే పరాయి ఊరి నమూనాను ఎత్తుకొచ్చి ఇక్కడ పరిస్తే కుదరదు. వాళ్ళు నేలమీద వేశారు. మా ఇళ్ళల్లో రాసిన కాగితం నేలమీద పడితే తీసి కళ్ళకద్దుకుంటాం. ఫాతిమా, ఆయిషా, ఖదీజా అనే పేర్లున్న ఆడవాళ్ళే సగంమంది. ఆ పేర్లు కాళ్ళకింద చెక్కితే గౌరవం కాదు, అవమానం. అట్లాగే మా కడప నల్లబండ దేశమంతా పరిచారు, ఎంతో అందం. కానీ మే నెల మధ్యాహ్నం దానిమీద ఎవరైనా కూర్చోగలరా? చెట్టు లేకుండా బండ పరిస్తే అది కూడలి కాదు, పెనం. మగవాళ్ళు గీసిన పార్కుల్లో మొదట మరిచిపోయేది మరుగుదొడ్డి, తర్వాత దీపం. ఈ రెండూ లేని 'మహిళా పార్కు' పొద్దుగూకితే మగవాళ్ళ పార్కే. పాపాగ్ని ఇసుకలో ఏడాదిలో ఎన్నో నెలలు నీళ్ళు కనిపించని ఊరు మాది. ఇక్కడ స్మారకం అంటే మొదటి అర్థం నీళ్ళు.

కాబట్టి మా ఊరి నాలుగు రోడ్ల దగ్గర నాకే కట్టమని ఇస్తే ఏం కడతానో చెబుతాను. దిమ్మె కట్టను. రెండు వేపచెట్లు, ఒక కానుగ. వాటి కింద ఆడవాళ్ళు చీర కొంగు సర్దుకోకుండా కూర్చోగలిగే ఎత్తులో గుండ్రంగా అరుగు. నడుమ మంచినీళ్ళు. మీరు దాన్ని చలివేంద్రం అంటారు, మేం సబీల్ అంటాం. కర్బలాలో దప్పికతో చనిపోయినవాళ్ళ పేరున మొహర్రంలో దారినపోయేవాడికి నీళ్ళిస్తాం. ఎండాకాలంలో పోయిన పెద్దల పేరున మీరూ ఇస్తారు. చనిపోయినవాళ్ళను బతికున్నవాడి దప్పికతో తలుచుకోవడం ఇద్దరికీ తెలిసిన పద్ధతే. నీళ్ళు పట్టుకునే చోట, చేత్తో తడిమితే తెలిసేలా, నల్లబండ మీద పేర్లు. తెలుగులోనూ ఉర్దూలోనూ. రెండూ చదవలేని మా జేజిలాంటి వాళ్ళు వేలితో తడుముకోవచ్చు.

ఎవరి పేర్లు? అసలు తగువు ఇక్కడే. పేర్ల పట్టిక రాణులతో మొదలై రాణులతో ముగిస్తే టాంక్‌బండ్‌కూ దానికీ తేడా లేదు. మొల్ల ఉండాలి, తిమ్మక్క ఉండాలి. నాంచారి ఉండాలి, ఆమె అక్కడ ఎవరి భార్యగానూ కాక తన పేరుతో ఉండాలి. 1779లో హైదర్ అలీ కడపను గెలిచి, నవాబు అబ్దుల్ హలీం ఖాన్ తోబుట్టువును పెళ్ళాడి తీసుకుపోయాడు. బక్షీ బేగం అన్నారామెను. ఊరు ఓడిపోతే ఆ ఓటమి కింద సంతకంలా పోయిన ఆడమనిషి. టిప్పు చనిపోయాక ఆ కుటుంబాన్ని ఇంగ్లీషువాళ్ళు వెల్లూరుకు తరలించారు. ఆమె గోరీ అక్కడే ఉంది. కడపలో ఆమె పేరున ఒక సందు కూడా నాకు కనిపించలేదు. ఆమె ఉండాలి. వాళ్ళ తర్వాత కొంత బండ ఖాళీగా వదిలెయ్యాలి. దూది ఏకి ఏకి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఆడవాళ్ళు, బొంతలు కుట్టినవాళ్ళు, బండల ఫ్యాక్టరీల్లో రాయి మోసినవాళ్ళు. వాళ్ళ పేర్లు వాళ్ళ మనవరాళ్ళు వచ్చి చెబుతారు. చెప్పినప్పుడల్లా చెక్కాలి. ఎప్పటికీ పూర్తికాని పట్టికగా ఉండాలది.

ఇది పేదకల అని నవ్వేవాళ్ళుంటారు. 'ఇంత చిన్నదానికి స్మారకం అంటారా? నూరడుగులు ఉంటే కదా దూరాన్నించి కనిపించేది' అంటారు. దూరాన్నించి కనిపించాలన్న కోరిక రాజులది. దగ్గరికొస్తే నీడ దొరకాలన్నది మా కోరిక. ఇంకొందరు, 'దీన్ని కూడా మతం చేశారు' అంటారు. మంగళహారతి మతం కాకుండా సంస్కృతి అయినప్పుడు, సబీల్ ఒక్కటే మతం ఎందుకవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్ళే లౌకికవాదులని నేననుకుంటాను.

మా జేజి చనిపోయి చాన్నాళ్ళయింది. ఖబరస్తాన్‌కు మేం పోలేదు, వాకిలి దాకానే సాగనంపాం. ఆమె గోరీ ఏదో మా నాయనకు తెలుసు, నాకు గురుతు తెలియదు. ఆమెను వెతుక్కోవాలంటే నాకు ఊళ్ళో ఒక చోటు లేదు. చరిత్ర, స్మారకం, అస్తిత్వం అని ఇంత రాశాను గానీ, అడుగున ఉన్న సంగతి ఇంతే. అయినా ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ బండ వచ్చిననాడు, మొదట అక్కడే రాయిస్తాను.